మామ్మ పెళ్ళి యానాంలో ఎందుకు జరిగింది

2015 గోదావరి పుష్కరాలకి మా వీధి వాళ్ళమంతా వ్యాను కట్టించుకుని రాజమండ్రి వెళ్ళాం. కోటిలింగాల రేవులో పిండప్రదానానికి కూర్చున్నప్పుడు పురోహితుడు మా పక్కింటి మిల్లు తమ్ముణ్ణి పేర్లు అడిగారు. తండ్రి పేరు చెప్పాడు, తాత పేరు చెప్పాడు. ముత్తాత పేరు దగ్గర ఆగిపోయాడు. వెనక జనం తోసుకుంటున్నారు, పురోహితుడికి తొందర. ఆయన ఏదో సర్ది కార్యక్రమం కానిచ్చేశారు. తిరుగు దారిలో ఆ అబ్బాయి వ్యానులో ఒక్క మాటా మాట్లాడలేదు. మండపేట దాటాక, "మా రైసు మిల్లు పునాది వేసింది ఆయనేనక్కా. ఆయన పేరే నాకు తెలీదు" అన్నాడు.

ఆ రాత్రి నేనూ లెక్క వేసుకున్నాను. మా నాన్న వైపు మూడు తరాలు గడగడా చెప్పగలను. అమ్మ వైపు రెండు. మామ్మ పుట్టింటి వాళ్ళ పేర్లు ఒక్కటీ రావు. ముప్ఫై రెండేళ్ళు పోస్టాఫీసులో పని చేసి, ఊళ్ళో ఎవరి ఇంటిపేరు చెప్పినా ఏ వీధో చెప్పే మనిషిని నేను.

అలా మొదలైంది. పొద్దున్నే కాలువ గట్టు మీద నడిచే వాళ్ళం నలుగురం. నేను, మిల్లు తమ్ముడు, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు, ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసిన సిస్టర్ గారు. ఎవరికి వాళ్ళం ఇంట్లో కూర్చుని వంశవృక్షాలు గీసుకుంటే రెండు నెలల్లో నీరసం వచ్చేసేది, ఆ సంగతి నాకు బాగా తెలుసు. నిలబెట్టింది మాస్టారు పెట్టిన ఒక్క నియమం. ఎవరి వంశం వాళ్ళు రాసుకోకూడదు, పక్కవాళ్ళది రాయాలి. నాలుగు లాంగ్ నోటుబుక్కులు కొని అట్టలు వేశాం. మాస్టారి చేతికి నా పుస్తకం, నా చేతికి సిస్టర్ గారిది, ఆవిడ చేతికి మిల్లు తమ్ముడిది, అతని చేతికి మాస్టారిది. నెలకో రెండో శనివారం ఎవరింటి అరుగు మీదో కూర్చోవడం, పుస్తకం తెరిచి ఆ నెలలో తెలిసింది చదవడం. చలికాలమైతే మధ్యలో ఉడకబెట్టిన తేగలు.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో మొదటి నెలలోనే తెలిసింది. మన ఇంట్లో మాటలు చిన్నప్పటి నుంచి వినీ వినీ మనకి ప్రశ్నలుగా వినబడవు. పక్కవాళ్ళకి వినబడతాయి. మిల్లు తమ్ముడి నాయనమ్మకి అప్పుడు తొంభై దాటాయి, మనిషి ఇంట్లోనే ఉంది. "ఆవిడకేం గుర్తుంటుందిలే" అని అతను అడగలేదు. సిస్టర్ గారు వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, బీపీ చూసి, అప్పుడు అడిగారు. ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మావగారి పేరు నేను చెప్పకూడదమ్మా." పెనిమిటి పేరు, మామ పేరు నోటితో పలకని తరం. సిస్టర్ గారు తొందరపెట్టలేదు. కాసేపటికి ఆవిడే, "అంతర్వేదిలో ఉంటాడు చూడూ, ఆ సామి" అంది. లక్ష్మీనరసింహస్వామి! సిస్టర్ గారు ఆ పేరు పైకి అంటే ఆవిడ అవునన్నట్టు తలూపింది తప్ప, తను మాత్రం అనలేదు. మిల్లు తమ్ముడు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "ఆయ్, ఎనిమిదేళ్ళ పిల్లాడప్పటి నుంచి ఈ ఇంట్లో తిరుగుతున్నాను, నాకెందుకు అడగాలనిపించలేదక్కా" అని చాలాసార్లు అన్నాడు తరవాత.

పెద్దవాళ్ళని అడగడంలో ఒక కిటుకు ఉంది. సంవత్సరం అడిగితే చెప్పలేరు. "86 వరదలకి ముందా, తరవాతా?" అంటే చెబుతారు. "96 తుఫానుకి పెంకులు లేచిపోయింది ఈ ఇల్లేనా?" అంటే ఇంటి కథంతా వస్తుంది. ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో అడిగితే చుట్టరికాలన్నీ వాటంతటవే వరసకి వస్తాయి. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కన రాసుకోవాలి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయాలి, మనం తీర్పు చెప్పకూడదు. పాత ఫొటో వెనక రాయాలంటే మెత్తని పెన్సిలే. బాల్ పెన్నుతో నొక్కి రాస్తే ముందు వైపు మొహాల మీద గీతలు తేలతాయి.

ఇక కాగితాలు. దస్తావేజుల కోసం తిరగడం తేలిక పని కాదు. కంప్యూటర్లో ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా తీస్తే 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే రిజిస్ట్రారాఫీసులో పేర్ల ఇండెక్సు పుస్తకాలు వెతకాలి. దానికి ఊరు అప్పట్లో ఏ ఆఫీసు కింద ఉండేదో ముందు తెలియాలి. ఒక ఆఫీసులో నాలుగుసార్లు తిప్పి, ఆ ఏళ్ళ పుస్తకానికి చెదలు పట్టిందని అయిదోసారి చెప్పారు. ఆ రోజు బస్సులో నాకు ఏడుపొచ్చినంత పనైంది. తరవాత అర్థమైంది, ఆఫీసు కంటే ముందు ఇళ్ళలో వెతకాలని. భూమి కొన్నవాళ్ళు పాత దస్తావేజులన్నీ లింకు డాక్యుమెంట్లని భద్రంగా దాచుకుంటారు. మన కాగితం మన పెట్టెలో కంటే మన పొలం కొన్నవాళ్ళ బీరువాలో దొరకడానికే వీలెక్కువ.

మిల్లు తమ్ముడి వాళ్ళ పెట్టెలోనే ఒకటి దొరికింది. ముత్తాత ఇక్కడ పొలం కొన్నప్పటి క్రయ దస్తావేజు. తారీఖు ఉన్న మూల చిరిగిపోయింది. కొన్నాయన పేరు అంతర్వేది స్వామి పేరే! కానీ ఆయన్ని "కృష్ణా జిల్లా నరసాపురం తాలూకా కాపురస్తులు" అని రాశారు. నరసాపురం కృష్ణా జిల్లా ఏమిటి, రాసినవాడి పొరపాటై ఉంటుందని రెండు నెలలు పక్కన పెట్టేశాం. మాస్టారే తవ్వి తీశారు. 1904లో నరసాపురం, భీమవరం, తణుకు, ఏలూరు తాలూకాల్ని గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణాలో కలిపారు. 1925లో కృష్ణా జిల్లాని విడగొట్టి పశ్చిమ గోదావరి చేశారు, ఇటున్న గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. అంటే ఆ కాగితం 1904కీ 1925కీ మధ్యది. తారీఖు చిరిగినా జిల్లా పేరు కాలం చెప్పేసింది. ఆ పూట మాస్టారి మొహంలో వెలుగు చూడాలి, లెక్క తెగిన పిల్లాడిలా ఉన్నారు.

అదే దస్తావేజులో హద్దులు చదువుతున్నాం. చదివేది సిస్టర్ గారు, మిల్లు తమ్ముడి పుస్తకం ఆవిడ చేతిలో ఉంది కనక. తూర్పున ఫలానా వారి పొలం, దక్షిణాన పంట బోదె, పడమర ఫలానా వారి కొబ్బరితోట. అన్నిటికీ ఇంటిపేర్లు, తండ్రుల పేర్లు ఉన్నాయి. ఉత్తరం దగ్గర ఒకే మాట. "పల్లె". ఆవిడ వేలు ఆ మాట మీద ఆగింది. మా వైపు పల్లె అంటే దళితుల వాడ. వాళ్ళది ఆ పల్లే. "అప్పటికి మా తాతగారి నాన్న, వాళ్ళ అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు అందరూ ఇక్కడే ఉన్నారండి" అన్నారు ఆ మాట మీద వేలు తీయకుండా. అరుగు మీద ఎవరం మాట్లాడలేదు. మిల్లు తమ్ముడు తల దించుకున్నాడు. కాసేపటికి ఆవిడే మిగతాది చదవడం మొదలుపెట్టారు.

ఆవిడ పుస్తకం నా చేతిలో ఉంది కనక ఆ మాట నన్ను వదల్లేదు. భూమి లేని ఇంటికి దస్తావేజు ఉండదు. శిస్తు లేనివాళ్ళు కరణం లెక్కల్లో కనబడరు. ఇంతకాలం నేను వెతికిన చోట్లన్నీ భూమి ఉన్నవాళ్ళ కోసమే ఉన్నవని అప్పటిదాకా తోచలేదు. ఆవిడ దగ్గర ఉన్నది ఒక్క మాట. ముత్తాత "రంగం వెళ్ళిపోయాడు" అని. రంగం అంటే మన పెద్దవాళ్ళ నోట రంగూన్. కోరంగి, కాకినాడ రేవుల నుంచి ఎంతమంది ఓడలెక్కారంటే, బర్మాలో తెలుగువాళ్ళకి కోరంగీలు అనే పేరే పడిపోయింది. మా వైపు పాత ఇళ్ళలో రంగం మాట వినని ఇల్లు తక్కువ.

చివరికి దొరికింది చర్చిలో. వాళ్ళు లూథరన్ సంఘం వాళ్ళు. పాస్టరు గారు బాప్తిస్మాల రిజిస్టరు బల్ల మీద పెట్టి, తడి చేతులతో ముట్టుకోవద్దని మాత్రం చెప్పి వెళ్ళిపోయారు. పెద్ద పుస్తకం, పేజీలు బెల్లం రంగుకి తిరిగాయి. మేం రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాం. 1926 పేజీల్లో సిస్టర్ గారి తాతగారి బాప్తిస్మం కనబడింది. పసివాడి పేరు, తల్లి పేరు, తండ్రి పేరు. తండ్రి పేరుకి ఎదురుగా, "రంగూన్‌లో మిల్లు కూలీ". తల్లి పేరు దగ్గర రెండు పేర్లున్నాయి, పాతదీ, చర్చిలో పెట్టినదీ. పాత పేరు ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. సిస్టర్ గారు ఆ పేరుని పైకి మూడుసార్లు అనుకున్నారు. మూడోసారి గొంతు పట్టేసింది.

ఆ శనివారం నేను పుస్తకం చదువుతుంటే మిల్లు తమ్ముడు ఆపి, మిల్లు కూలీ అంటే అప్పుడు ఏం చేసేవారో చెప్పాడు. కళ్ళంలో ధాన్యం ఆరబోయడం, కాళ్ళతో తిరగేయడం, బాయిలరులో ఊక ఎగదోయడం, బస్తా వీపుకెత్తుకుని పలక మీదుగా పడవలోకి నడవడం. వాళ్ళ మిల్లులో చిన్నప్పుడు చూశాడు. రంగూన్ మిల్లుల్లోనూ ఇదే పని అయి ఉంటుందన్నాడు. సిస్టర్ గారు ఆ మాటలన్నీ తన సంచిలోంచి కాగితం తీసుకుని రాసుకున్నారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక, 42లో మనవాళ్ళు వేలమంది అడవుల్లో, కొండల్లో నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ళూ వేలమందే. ఈయన రాలేదు. వాళ్ళ ముత్తవ్వ చాలా ఏళ్ళు బొట్టు తీయలేదట. ఆ మాట ఆవిడ మేనత్త చెప్పింది, తారీఖుతో సహా రాశాను.

ఇక నా పుస్తకం. మాస్టారు నెలనెలా ప్రశ్నలు వేసేవారు, నేను జవాబు చెప్పేదాన్ని. మామ్మ గురించి చెబుతూ అలవాటుగా, "మా మామ్మ పెళ్ళి యానాంలో ఎంత వైభవంగా జరిగిందో" అన్నాను. ఆయన పెన్ను ఆపారు.

"మీ మామ్మగారి పుట్టిల్లు ఎక్కడమ్మా?"

"ద్రాక్షారామం దగ్గర."

"అత్తవారు?"

"కపిలేశ్వరపురం వైపు."

"మరి పెళ్ళి యానాంలో ఎందుకు చేశారు?"

యాభై ఏళ్ళుగా ఆ మాట వింటున్నాను, చెబుతున్నాను. నాకు ఎప్పుడూ రాని ప్రశ్న. కన్యాదాత ఇంట్లో చెయ్యాల్సిన పెళ్ళి, రెండు వైపులా చుట్టాలెవరూ లేని ఊళ్ళో ఎందుకు చేశారు?

మా అమ్మ దగ్గర మామ్మ ట్రంకు పెట్టె ఉంది. అడుగున కర్పూరం వాసన పోని పట్టుబట్టలో చుట్టి లగ్నపత్రిక. నాలుగు మూలలా పసుపు, ఇన్నేళ్ళకి అది గోధుమరంగుకి తిరిగింది. "ప్రమోదూత నామ సంవత్సర వైశాఖ" దాకా అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి, తిథి దగ్గర మడత పడి చెరిగిపోయింది. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కదా. ఆఖరి ప్రమోదూత 1990-91. అరవై వెనక్కి వెళితే 1930-31. వైశాఖం కనక 1930 ఏప్రిల్ నెలాఖరుకీ మే నెలాఖరుకీ మధ్య.

మాస్టారు లెక్క అక్కడితో ఆపలేదు. బాల్య వివాహాల్ని ఆపే శారదా చట్టం 1929లో వచ్చింది. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండాలి. అమల్లోకి వచ్చింది 1930 ఏప్రిల్ 1న. మామ్మ పెళ్ళి ఆ తరవాత రెండు నెలల లోపే. యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ ఏలుబడిలో ఉంది, బ్రిటిషు చట్టం అక్కడ చెల్లదు. అందుకని చుట్టుపక్కల జిల్లాల నుంచి పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్ళి పెళ్ళిళ్ళు చేసేవారు. యానాంకి కల్యాణపురం అనే పేరు అలాగే వచ్చింది.

మామ్మకి అప్పుడు తొమ్మిదేళ్ళు.

ఆవిడ మాకు ఆ పెళ్ళి కథ చెప్పేది. కాలువ మీద రెండు పడవల్లో వెళ్ళారు. కొంత దూరం పోయాక పడవలో దీపాలు ఆర్పేశారు, పిల్లలెవరూ మాట్లాడకూడదన్నారు. చీకట్లో నీటి చప్పుడు వింటూ అమ్మ ఒళ్ళో నిద్రపోయింది. తాళి కట్టేటప్పుడు లేపారు. దీపాలు ఆర్పే చోటికి రాగానే మామ్మ గొంతు తగ్గించేది, మేం ఊపిరి బిగబట్టే వాళ్ళం. ఆ భాగం నాకు చాలా ఇష్టం, మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేదాన్ని. ఆడుకోవడానికి ఆర్పారనే అనుకున్నాను. మాస్టారు చట్టం గురించి చెబుతూ ఉంటే నాకు ఆ చీకటి గుర్తొచ్చింది. అదెందుకో ఆవిడకి తెలుసో తెలియదో. మా మునితాతగారి మీద కోపం వచ్చింది, చాలా రోజులు ఉంది. మామ్మ బడి మూడో తరగతితో ఆగిపోయింది. నాకు ఎక్కాలు నేర్పింది ఆవిడే, పదమూడో ఎక్కం దాకా వచ్చు. తన పేరు రాయడం మాత్రం మరిచిపోయింది.

నేనా రోజు మాస్టారితో, ఇది పుస్తకంలో రాయాలా అని అడిగాను. ఆయన మాట్లాడలేదు. సిస్టర్ గారు, "రాయండి. నాది రాశారు కదా" అన్నారు. రాశారు.

మామ్మ పేరు ఏ కాగితంలోనైనా ఉందా అని తరవాత వెతికాం. ఆడవాళ్ళ పేర్లు దొరకడం కష్టం. దస్తావేజుల్లో ఎక్కువగా మగవాళ్ళ పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లు. ఆడవాళ్ళు కనబడేది పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూముల్లో. మామ్మకి పుట్టింటివాళ్ళు అరెకరం అలా ఇచ్చారని, మా అత్తయ్య పెళ్ళికి దాన్ని అమ్మేశారని అమ్మకి గుర్తుంది. కొన్నవాళ్ళ ఊరు చెప్పింది. కిందటి మాఘమాసంలో నలుగురం ఆ ఊరు వెళ్ళాం. కొన్నాయన మనవడు ఇప్పుడు ఆ పొలం చేస్తున్నాడు. మొదట కంగారుపడ్డాడు, పొలం కోసం ఏదైనా పేచీకి వచ్చామేమోనని. మిల్లు తమ్ముడు గంటసేపు కూర్చుని ఊడ్పులూ ధాన్యం ధరా మాట్లాడాక గానీ ఆయన మనసు కుదుటపడలేదు. అప్పుడు బీరువా తెరిచాడు.

1957 నాటి స్టాంపు కాగితం, మడతల దగ్గర గుడ్డముక్కలు అతికించి ఉంది. మామ్మ పేరు, తండ్రి పేరు, భర్త పేరు. "నా పసుపు కుంకుమ నిమిత్తం నా తండ్రిగారు ఇచ్చిన" అని మొదలై, చివర ఆవిడ పేరుకి రెండు పక్కలా "నిశానీ" అని వ్రాయసగాడు రాసి, మధ్యలో వేలిముద్ర వేయించాడు. సిరా ఒక పక్క ఎక్కువై కొంచెం పాకింది. గీతలన్నీ తెలుస్తున్నాయి. బొటనవేలి మధ్యలో అడ్డంగా ఒక సన్నని తెల్లటి గీత. కత్తిపీట కోసిన మచ్చ. నాకు అన్నం కలిపి పెట్టిన వేలు అది, ఆ మచ్చ నాకు తెలుసు.

ఆయన జెరాక్సు తీయించి ఇస్తానన్నాడు. మాస్టారు నా పుస్తకం తెరిచి, మామ్మ పేరు రాసిన పేజీలో ఒక చిన్న గడి గీసి ఖాళీగా ఉంచారు, అతికించడానికి.